బన్‌గావ్ కలరా నివేదిక – గుణదోష పరిశీలన

శాస్త్ర వ్యాసములలో కొన్ని ప్రయోగశాలలో పుట్టును; కొన్ని విపత్తులో పుట్టును. 1973లో జాన్స్ హాప్‌కిన్స్ వైద్య పత్రికలో వెలువడిన డాక్టర్ దిలీప్ మహలనబిస్, ఆయన సహచరుల వ్యాసము రెండవ కోవకు చెందినది. 1971లో తూర్పు పాకిస్తాన్ నుండి వచ్చిన శరణార్థులలో కలరా చెలరేగినప్పుడు, పశ్చిమ బెంగాలులోని బన్‌గావ్‌లో జరిగిన చికిత్సను అది వివరించును. దీనిని పొగడినవారు చాలమంది. అయితే అది ఏమి నిరూపించినది, ఏమి నిరూపింపలేదు అనునది తెలిసినపుడే ఆ పొగడ్తకు విలువ.

కలరా రోగిని చంపునది ముఖ్యముగా శరీరములోని నీరు, లవణములు వెలికిపోవుటయే. తగిన చికిత్స లేనిచో దృఢకాయుడైన పెద్దవాడు సైతము కొన్ని గంటలలో మరణింపవచ్చును. సిరలోనికి సెలైన్ ఎక్కించుటయే అప్పటి ప్రధాన చికిత్స. బన్‌గావ్‌లో సెలైన్ చాలలేదు. అప్పుడు ఆ బృందము లీటరు నీటికి 22 గ్రాముల గ్లూకోజు, 3.5 గ్రాముల ఉప్పు, 2.5 గ్రాముల వంటసోడా కలిపి రోగులచే త్రాగించినది. మిగిలిన సెలైన్‌ను మరీ క్షీణించినవారికై దాచినది. మూడు వేలమందికి పైగా చికిత్స పొందిరి, మరణములు 3.6 శాతము. అంతకుముందు శిబిరములలో ఇవి 30 శాతము వరకు ఉండెడివి.

ఈ రెండు సంఖ్యలను ప్రక్కప్రక్కన ఉంచి తీర్పు చెప్పుట తొందరపాటు. ముందు వచ్చిన రోగులు, తరువాత వచ్చిన రోగులు ఒకే తీవ్రత గలవారని చెప్పలేము. తేలికపాటి రోగులు ఎక్కువగా చేరినచో మరణముల శాతము తనంతట తానే తగ్గును. పోల్చి చూచుటకు ద్రవము ఇయ్యని మరొక వర్గము లేదు. ఉండుటకు వీలును లేదు. అట్టి వర్గమును ఏర్పరచుట యనగా కొందరిని చావుకు వదలుటయే.

మరి ఈ వ్యాసమును నమ్ముట ఎట్లు? దీనిని ఒంటరిగా చదువరాదు. 1953లో కలకత్తా వైద్యుడు హేమేంద్రనాథ్ ఛటర్జీ 186 మంది రోగులకు ఇట్టి ద్రవమునే త్రాగించి లాన్సెట్ పత్రికలో ప్రకటించెను. కాని పోల్చుటకు మరొక వర్గము లేదు. లోనికి పోయిన ద్రవమెంత, బయటికి వచ్చినదెంత అను లెక్కయు లేదు. అందువలన ఆ వ్యాసము మరుగున పడినది. 1960లో రాబర్ట్ క్రేన్, పేగు గోడలో గ్లూకోజు సోడియమును తన వెంట లోనికి తీసికొనిపోవునని ప్రతిపాదించెను. సోడియము వెంట నీరు పోవును. కలరా విషము నీటిని బయటికి తోడునే కాని ఈ ద్వారమును మూయదు. 1968లో ఢాకాలో నాలిన్, కాష్ మొదలగువారు 29 మంది పెద్దవారిపై, పోలిక వర్గముతో సహా, కొలతలు తీసి పరీక్షించిరి. ఈ ద్రవము త్రాగినవారికి సెలైన్ అవసరము సుమారు 80 శాతము తగ్గినది.

కనుక ద్రవము పనిచేయునా అను ప్రశ్నకు ఢాకా సమాధానము చెప్పినది. వైద్యులు, మంచములు, సీసాలు చాలని చోట రోగి బంధువులే దానిని త్రాగించగలరా అను ప్రశ్నకు బన్‌గావ్ సమాధానము చెప్పినది. రెండవ ప్రశ్నకు ఆసుపత్రి గదిలో సమాధానము దొరకదు. ఈ వ్యాసపు గొప్పతనము ఇక్కడనే ఉన్నది.

లోపములు లేకపోలేదు. విరేచనములతో పొటాసియము కూడ పోవును. ఆ మిశ్రమములో పొటాసియము లేదు. 1975లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ ఆమోదించిన సూత్రములో ఈ కొరత తీరినది. 2002లో ఉప్పు, గ్లూకోజు తగ్గించిన మరింత పలుచని ద్రవము వచ్చినది.

ఈ వ్యాసమును చదివినవారు చేయగల పొరపాటు ఒకటున్నది. శిబిరములో ప్రతి రోగి మలమును పరీక్షించి, ఫలితము వచ్చువరకు ఆగుట సాధ్యము కాదు. నీళ్ళ విరేచనమునకు ఆగనవసరమును లేదు. క్రిమి ఏదైనను మొదటి పని కోల్పోయిన నీటిని తిరిగి చేర్చుటయే. కాని దీనినుండి పరీక్షయే అక్కరలేదని తీర్మానింపరాదు. మలములో రక్తము, తీవ్ర జ్వరము, ఎంతకును తగ్గని విరేచనములు ఉన్నచో పరీక్షయు, వైద్యుని సలహాయు అవసరము. తీవ్రమైన కలరాలో ద్రవముతో పాటు డాక్సీసైక్లిన్ వంటి మందు వ్యాధి కాలమును తగ్గించును. మామూలు నీళ్ళ విరేచనములకు మాత్రము యాంటీబయాటిక్ మ్రింగుట చాలవరకు నిరర్థకము. మందుకు లొంగని క్రిములు పెరుగుటకు అది దోహదము చేయును.

ఉపాధ్యాయులు నల్లబల్లపై 30, 3.6 అను రెండు అంకెలు వ్రాసి, వీని నడుమ తెలియవలసినదేమి అని విద్యార్థులను అడుగవచ్చును. సరియైన ప్రశ్న వేయగల విద్యార్థి ఈ వ్యాసమును తక్కువగా చూడడు. దానిని ఎంతవరకు నమ్మవలెనో అంతవరకు నమ్మును.