మాంచాల గొంతు

కార్తీకంలో కారంపూడి వీరారాధన ఉత్సవాలు చూసినవాళ్లకు తెలుసు, పల్నాటి కథకు మెత్తని గొంతు చాలదు. నాగులేటి ఒడ్డున, ఆరుబయట, జనం సందడిని దాటుకుని మాట వినపడాలి. ఆ కథ 1947లో ‘పల్నాటి యుద్ధం’ సినిమాగా వచ్చింది. గూడవల్లి రామబ్రహ్మం మొదలుపెట్టి కన్నుమూస్తే ఎల్.వి. ప్రసాద్ పూర్తిచేశారు. నాగమ్మ కన్నాంబ, బాలచంద్రుడు అక్కినేని. మాంచాల ఎస్. వరలక్ష్మి. మగణ్ణి యుద్ధానికి సాగనంపే ఇల్లాలికి అంత పైస్థాయి గొంతు దొరకడం మన అదృష్టం.

పాశ్చాత్యుల ఒపేరాలో ఆడగొంతుల్లో అన్నిటికన్నా పై శ్రుతిది సొప్రానో. మైకు లేకుండా పెద్ద వాద్యబృందాన్ని దాటి చివరి వరుసకు చేరాలి. మన పద్యనాటకంలోనూ అదే పరీక్ష, కాకపోతే పోటీ హార్మోనియంతో. అసలు తేడా మరోచోట ఉంది. సొప్రానో పైకి ఎక్కేకొద్దీ అచ్చులన్నీ ‘ఆ’ వైపు జారి మాట మసకబారుతుంది. అక్కడి శ్రోతలు సర్దుకుంటారు. నరసరావుపేటలోనో గురజాలలోనో సర్దుకోరు! అక్షరం మింగితే ‘వన్స్ మోర్’ మాట అటుంచి, వెనకనుంచి ఈలలు మొదలవుతాయి.

వరలక్ష్మి పనితనం ఇక్కడే పట్టుకోవాలి. పాదంలోని మాటలను తొందరలేకుండా, ఒత్తులు చెదరకుండా ముందు చెప్పేస్తారు. పాదం చివర సాగే అచ్చు చేతికందాక రాగం ఎత్తుకుంటారు. అప్పటికి అర్థం మనకు చేరిపోయింది కాబట్టి ఆ పైసంచారమంతా భావానికే మిగులుతుంది. ఎత్తుకు వెళ్లినచోట అరవరు. నాదం సన్నబడి సూదిలా గుచ్చుకుంటుంది.

నటులకు వేరేవాళ్లు పాడే పద్ధతి స్థిరపడ్డాకా ఆమె తన పాట తానే పాడుకున్నారు. ‘బాలరాజు’ (1948)లో సీతగా, తమిళ ‘వీరపాండియ కట్టబొమ్మన్’ (1959)లో జక్కమ్మగా వినిపించేది ఆ గొంతే. ప్రేమగీతాల్లో ఆ పదును కాస్త ఎక్కువైందనే నాకు అనిపిస్తుంది. లాలించాల్సిన చోట కూడా నిలదీసినట్టుంటుంది.

హరిశ్చంద్ర నాటకంలోని కాటిసీనులో ఆ పదునే కావాలి. వినుకొండ జాషువా పద్యాలు రంగస్థలం మీద హరిశ్చంద్రుడి నోట చేరాక ఆ సీను పల్నాటివాళ్లకు సొంత ఆస్తి అయింది, చంద్రమతిని తేలిగ్గా వదలరు. కె.వి. రెడ్డి ‘సత్య హరిశ్చంద్ర’ (1965)లో ఎన్టీఆర్‌కు గొంతు ఘంటసాల. ఆయనకు దీటుగా నిలబడే చంద్రమతికి నటనా గానమూ వరలక్ష్మివే.