ఒంటిచేత్తో కట్టిన పుస్తకం

2013 సెప్టెంబరులో ఐఫోన్‌ను నడిపే ఐఓఎస్ 7 వచ్చినప్పుడు దాని తెర రూపురేఖలే మారిపోయాయి. బటన్ల చుట్టూ ఉండే గీతలు పోయాయి. అక్షరాలు సన్నబడ్డాయి. తెల్లటి నేల మీద లేత రంగు రాతలు వచ్చి చేరాయి. యాప్ తెరిచినా మూసినా తెరంతా ముందుకూ వెనక్కూ కదలడంతో కొందరికి కళ్లు తిరిగాయి. తక్కువ చూపుతో నెట్టుకొస్తున్నవాళ్లకు నిన్నటిదాకా చేతికి తెలిసిన ఫోన్ రాత్రికి రాత్రి పరాయిదైపోయింది. చేతులు సరిగా ఆడనివాళ్లు ఒక్క మీటతో ఫోన్ మొత్తాన్ని నడుపుకొనే 'స్విచ్ కంట్రోల్' వచ్చింది కూడా ఆ విడుదలలోనే. కష్టమూ సాయమూ కలిసే వచ్చాయి. ఏది ఎక్కడుందో, ఎవరికి ఏది పనికొస్తుందో విడమరచి చెప్పే మనిషి కావలసి వచ్చింది.

ఆ పనికి పూనుకున్నది షెల్లీ బ్రిస్బిన్. ఊరు అమెరికాలో టెక్సస్ రాష్ట్రంలోని ఆస్టిన్. కంప్యూటర్ పత్రికల్లో చాలాకాలం పనిచేసిన జర్నలిస్టు, అప్పటికే సాంకేతిక పుస్తకాలు రాసినావిడ. ఆమెకూ చూపు తక్కువే. 'ఐఓఎస్ యాక్సెస్ ఫర్ ఆల్' అనే పుస్తకాన్ని ఆ ఏడాదే ఏ ప్రచురణ సంస్థ ముద్రా లేకుండా, సొంతంగా ఈ-పుస్తకంగా తెచ్చారు. ఈపబ్, పీడీఎఫ్ రెండు రూపాల్లోనూ ఇచ్చారు. ఒకసారి తెచ్చి ఊరుకోలేదు. కొత్త ఐఓఎస్ వచ్చినప్పుడల్లా పుస్తకాన్ని మళ్లీ దిద్దుతూ, ఏళ్ల తరబడి కొత్త కూర్పులు తెస్తూ వచ్చారు. ఫోన్ ఎలా వాడాలో చెప్పే పుస్తకాన్ని సాహిత్యం పక్కన పెట్టి చూసే అలవాటు మనకు లేదు. నాకు మాత్రం ఇది మంచి వచనానికి పెట్టే పరీక్షల్లో చాలా కఠినమైనదనిపిస్తుంది. రాసినదాన్ని చదివి పాఠకుడు మెచ్చుకుంటే సరిపోదు, అతని వేలు సరైన చోటికి పోవాలి.

పనితనం ఎక్కడుందో చూడాలంటే రోటర్ దగ్గర ఆగాలి. తెర మీదున్నదాన్ని చదివి వినిపించే వాయిస్‌ఓవర్ 2009లో ఐఫోన్ 3జీఎస్‌తో వచ్చింది. అందులో కొత్తవాళ్లను ఏడిపించేది రోటర్. రెండు వేళ్లు తెరకు ఆనించి రేడియో నాబ్ తిప్పినట్టు తిప్పితే 'అక్షరాలు', 'పదాలు', 'హెడింగులు', 'లింకులు' అంటూ ఒక్కో పేరూ వినబడుతుంది. కావలసింది వినబడగానే వేళ్లు తీసేసి, ఒక వేలితో కిందికి జరిపితే తర్వాతి పదానికో తర్వాతి హెడింగుకో పోతాం, పైకి జరిపితే వెనక్కి వస్తాం. చూపున్నవాళ్లకు ఇది ఒక్క బొమ్మతో తేలిపోతుంది. చూపులేనివాళ్లకు మాటలతోనే చెప్పాలి. ఆ మాటలు ఎన్ని సందేహాలు తీర్చాలో చూడండి. రెండు వేళ్ల మధ్య ఎంత ఎడం ఉండాలి? రెండూ ఒకే చేతివై ఉండాలా? చుట్టంతా తిప్పాలా, కాస్త కదిలిస్తే చాలా? వేళ్లు ఎప్పుడు ఎత్తాలి? చెరో చేతి నుంచి ఒక్కో వేలు పెట్టినా రోటర్ తిరుగుతుంది. ఈ ఒక్క ముక్క ముందే చెబితే కీళ్లనొప్పులతో మణికట్టు తిరగని పెద్దావిడ కూడా నేర్చుకోగలదు. చెప్పకపోతే ఇది నావల్ల కాదని ఫోన్ పక్కన పెట్టేస్తుంది. ఆపిల్ కంపెనీ ఇచ్చే సహాయ పేజీలు ఏ సంజ్ఞ ఏం చేస్తుందో చెబుతాయి. ఆ సంజ్ఞ వేలికి ఎందుకు రావడం లేదో చెప్పడం పుస్తకం రాసేవాళ్ల వంతు.

మామూలు వాక్యం కూడా ఇక్కడ మామూలుగా ఉండదు. 'కుడివైపు పైనున్న నీలం బటన్ నొక్కండి' అని రాస్తే అసలు చూపు లేనివాళ్లకు అందులో ఒక్క ముక్కా పనికిరాదు. బటన్ పేరేమిటో, వాయిస్‌ఓవర్ దాన్ని ఏమని పలుకుతుందో చెప్పాలి. అది వినబడేదాకా కుడివైపుకు స్వైప్ చేస్తూ పోయి, వినబడ్డాక రెండుసార్లు ట్యాప్ చేయమనాలి. అలాగని రంగూ చోటూ తీసేస్తే, అక్షరాలు పెద్దవి చేసుకుని చూస్తూ వాడే తక్కువ చూపువాళ్లకు అన్యాయం జరుగుతుంది. వాళ్లకు 'కుడివైపు పైన' అన్నదే ఆనవాలు. పెద్దది చేసిన తెరలో ఒక మూల మాత్రమే కనబడుతుంటే, ఏ మూలకు పోవాలో తెలియాలి కదా. ఇద్దరికీ పనికొచ్చే వాక్యం పొడుగవకుండా రాయడం చేయి తిరిగినవాళ్ల పని.

సరిగ్గా ఈ ఎంపికలోనే బ్రిస్బిన్ పుస్తకం తనతోటి పుస్తకం నుంచి వేరుపడింది. అదే 2013లో న్యూజిలాండ్‌కు చెందిన జొనాథన్ మోసెన్, ఆయన అంధుడు, 'ఐఓఎస్ 7 వితవుట్ ద ఐ' అని మరో పుస్తకం సొంతంగానే తెచ్చారు. అది వాయిస్‌ఓవర్‌తో ఇప్పటికే పరిచయమున్నవాళ్లను ఎదురుగా కూర్చోబెట్టుకుని, ఈసారి కొత్తగా ఏమొచ్చిందో చెప్పే పుస్తకం. లక్ష్యం ఒక్కటే కాబట్టి నేరుగా పోతుంది. బ్రిస్బిన్ అలా కాదు. చూపు లేనివాళ్లు, చూపు తక్కువైనవాళ్లు, వినికిడి లోపమున్నవాళ్లు, చేతులు సరిగా ఆడనివాళ్లు, అందరినీ ఒకే పుస్తకంలోకి పిలిచారు. దాంతో పుస్తకం లావెక్కింది. తనకు కావలసిన పది పేజీల కోసం ఒకరు తక్కిన వందల పేజీలు మోయవలసి వస్తుందన్న మాట నిజమే. అయినా నా ఓటు ఆ లావు పుస్తకానికే, దానికి కారణముంది.

తెరను పెద్దది చేసే జూమ్ ఆన్ కావాలంటే మూడు వేళ్లతో రెండుసార్లు ట్యాప్ చేయాలి. వాయిస్‌ఓవర్‌లో మూడు వేళ్లతో రెండుసార్లు ట్యాప్ చేస్తే గొంతు ఆగిపోతుంది. మూడుసార్లు చేస్తే తెర నల్లబడుతుంది. దీన్ని స్క్రీన్ కర్టెన్ అంటారు, పక్కవాళ్లు తొంగిచూడకుండా ఉండేందుకు పెట్టిన ఏర్పాటు. మరి రెండూ కలిపి వాడుకునే మనిషి సంగతేమిటి? పగలు కాసేపు చూసి చదివి, కళ్లు అలిసిపోయాక సాయంత్రం వింటూ వాడేవాళ్లు బోలెడుమంది. అలా రెండూ ఆన్ చేసి ఉంటే సంజ్ఞలు ఒక మెట్టు జరుగుతాయి. గొంతు ఆపడానికి మూడుసార్లు, తెర నల్లబరచడానికి నాలుగుసార్లు ట్యాప్ చేయాలి. చూపులేనివాళ్లకే రాసిన పుస్తకంలో దీనికి చోటు లేకపోయినా ఫరవాలేదు. తక్కువ చూపువాళ్లకే రాసినదాంట్లోనూ అంతే. రెంటి మధ్య బతికే మనిషికి ఇది తెలియకపోతే ఫోన్ పాడైపోయిందనే అనుకుంటాడు. వేలు పొరపాటున తగిలి గొంతు పోతే అతను కంగారుపడతాడు. తెర నల్లబడితే ఇంట్లోవాళ్లు కంగారుపడి రిపేరు షాపుకు పరుగెత్తుతారు. అందరినీ ఉద్దేశించిన పుస్తకం ఇలాంటి సందుల్లోకి తప్పనిసరిగా దూరాలి. అక్కడే దాని విలువ తెలుస్తుంది.

ఇక పుస్తకాన్ని కట్టే తీరు. ఈ పాఠకుడు పుస్తకాన్ని ఎక్కడ చదువుతాడు? చాలాసార్లు ఆ ఫోన్‌లోనే. వాయిస్‌ఓవర్ నేర్పే అధ్యాయాన్ని వాయిస్‌ఓవర్‌తోనే వినాలి. చెట్టు ముందా విత్తు ముందా అన్న చిక్కే. అందుకే ఇలాంటి పుస్తకంలో వరుస చాలా ముఖ్యం. గొంతును ఆన్ చేయడం, ఆపడం, ఒక్కో అంశం మీదుగా జరగడం, ఎంచుకోవడం, పేజీ మొదలుకొని ఆగకుండా చదివించుకోవడం, ఇవి అన్నిటికన్నా ముందు రావాలి. పైగా పాఠకుడు ఒక అంచె విని, సెట్టింగ్స్‌లోకి పోయి, అది చేసి, తిరిగి పుస్తకంలోకి వస్తాడు. అంచె పొడుగైతే మధ్యలో మరిచిపోతాడు. ఒక్కో అంచె ఒక్క ఊపిరిలో చెప్పగలిగినంతే ఉండాలి.

ఫైలు లోపలి పని కంటికి కనబడదు. ఈపబ్ అంటే వెబ్ పేజీల వంటివాటిని ఒక మూటగా కట్టినదే. అందులో అధ్యాయం పేరును లావు అక్షరాల్లో పెడితే కంటికి హెడింగులాగే ఉంటుంది. ఫోన్‌కు మాత్రం అది కాస్త లావైన వాక్యం, అంతే. హెడింగని గుర్తు పెడితేనే రోటర్‌తో ఒక హెడింగు నుంచి మరో హెడింగుకు దూకవచ్చు. లేకపోతే వందల పేజీలూ మొదటి నుంచి వింటూ పోవాలి. బొమ్మ పెడితే దాని వివరం రాయాలి, విషయసూచికలో ప్రతి పేరూ తాకితే ఆ చోటికి తీసుకెళ్లాలి. రాసేదొకరు, అందంగా పేర్చేదొకరు, ఫైలుగా మార్చేదొకరు అయినప్పుడు ఇవన్నీ ఒకరి చేతిలోంచి మరొకరి చేతిలోకి పోతూ రాలిపోతుంటాయి. రాసిన చేయే పేర్చి, ఆ చేయే అమ్మకానికి పెడితే రాలిపోయే అవకాశం తగ్గుతుంది. రెండు రూపాల్లో ఈపబ్బే అసలు పుస్తకమని నా అభిప్రాయం. అక్షరం పెద్దది చేసుకుంటే ఈపబ్‌లో వాక్యం తెరకు సరిపడా మళ్లీ సర్దుకుంటుంది. పీడీఎఫ్‌లో పేజీ గట్టిగా బిగిసి ఉంటుంది, ప్రతి వరుసకూ ఎడమ నుంచి కుడికి తెరను లాక్కుంటూ పోవాలి.

సొంత ప్రచురణకు మరో బలమైన కారణం క్యాలెండర్. ఆపిల్ కొత్త ఐఓఎస్‌ను జూన్‌లో చూపిస్తుంది, సెప్టెంబరులో జనం చేతికిస్తుంది. మధ్యలో ఉన్నది మూడు నెలలు. ఆ మూడు నెలలూ అది మారుతూనే ఉంటుంది. నెలల తరబడి సాగే అచ్చు పుస్తకం పద్ధతిలో పోతే పుస్తకం వచ్చేసరికి దాని ఆయుష్షులో సగం అయిపోతుంది. వచ్చే సెప్టెంబరుకు మళ్లీ పాతబడుతుంది.

దిద్దడమంటే చివర ఒక అధ్యాయం అతికించడం కాదు. 2017లో ఐఫోన్ ఎక్స్‌తో హోమ్ బటన్ పోయింది. అప్పటిదాకా వాయిస్‌ఓవర్ కోసం మూడుసార్లు నొక్కే మీట అదే. ఇప్పుడా పని పక్క బటన్‌కు మారింది. హోమ్‌కు పోవాలంటే కింది అంచు నుంచి ఒక వేలిని పైకి జరపాలి. మొదటి కంపనం తెలియగానే వేలు తీస్తే హోమ్, తీయకుండా రెండో కంపనం దాకా పోతే తెరిచి ఉన్న యాప్‌ల వరుస. పాత ఫోన్లూ వాడకంలోనే ఉన్నాయి కాబట్టి 'హోమ్‌కు వెళ్లండి' అని ఉన్న ప్రతిచోటా రెండు రకాల ఫోన్లనూ తలచుకోవాలి. 2019లో ఐఓఎస్ 13 వచ్చింది. ఈ సదుపాయాలన్నీ ఉండే యాక్సెసిబిలిటీ విభాగం, అప్పటిదాకా 'జనరల్' లోపల దాగి ఉన్నది, బయటికొచ్చి సెట్టింగ్స్‌లో నేరుగా కనబడింది. వాడేవాళ్లకు పెద్ద మేలు. పుస్తకం రాసినవాళ్లకు మాత్రం పుస్తకమంతా పరుచుకుని ఉన్న దారి వాక్యాలన్నీ తప్పైపోయాయి. అదే విడుదలలో వాయిస్‌ఓవర్ సంజ్ఞలను ఎవరికి కావలసినట్టు వాళ్లు మార్చుకునే వీలు కూడా వచ్చింది. అప్పటినుంచి 'ఇలా చేస్తే ఇది జరుగుతుంది' అని ఖాయంగా అనడానికి లేదు, 'మీరు మార్చుకోకపోతే' అన్న షరతు ప్రతి సంజ్ఞ వెనకా ఉంటుంది. ఇంత ఓపికతో ఏటా మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా తిరిగిరావడం నన్ను అన్నిటికన్నా ఎక్కువగా కట్టిపడేసిన గుణం.

తెలుగులో ఇలాంటి పుస్తకం రావాలి. ఆండ్రాయిడ్‌లోని టాక్‌బ్యాక్ అనే, తెర చదివి వినిపించే ఏర్పాటు కూడా 2009లోనే పుట్టింది, గూగుల్ గొంతు తెలుగు చదువుతుంది. మన పని బ్రిస్బిన్ పనికన్నా కష్టం, ఎందుకంటే ఆమెకు ఒక్క కంపెనీ ఫోన్లు, మనకు రకానికో మెనూ. యాక్సెసిబిలిటీ ఒక ఫోన్‌లో నేరుగా ఉంటుంది, మరోదాంట్లో 'అదనపు సెట్టింగులు' లోపల ఉంటుంది. 2021లో టాక్‌బ్యాక్‌కు ఎక్కువ వేళ్ల సంజ్ఞలు రావడంతో పాత ఫోన్‌కు ఒక పాఠం, కొత్త ఫోన్‌కు ఒక పాఠం కావాలి.

దీనికి మన సొంత చిక్కు ఇంకొకటి తోడవుతుంది. తెలుగు అచ్చుపనిలో యూనికోడ్ కాని పాత డీటీపీ ఫాంట్లు ఇంకా నడుస్తున్నాయి. వాటితో చేసిన పీడీఎఫ్ కంటికి చక్కటి తెలుగు. లోపల ఉన్నవి మాత్రం ఇంగ్లిష్ అక్షరాల సంకేతాలు, అందుకే టాక్‌బ్యాక్ దాన్ని అర్థంలేని అక్షరాల గుంపుగా చదువుతుంది. స్కాన్ చేసిన పేజీలైతే ఆ మాత్రం కూడా పలకదు. అంధులకు ఫోన్ నేర్పే పుస్తకం అంధుల ఫోన్‌లో పలకకపోతే అంతకు మించిన అన్యాయం లేదు. కాబట్టి రాయబోయేవాళ్లు యూనికోడ్‌లో రాసి, హెడింగులకు గుర్తులు పెట్టి, ఈపబ్‌గా తేవాలి. అమ్మకానికి పెట్టేముందు టాక్‌బ్యాక్ అసలు ఎరగని ఒకరి చేతికిచ్చి పక్కన కూర్చోవాలి. ఆ మనిషి వేలు తడబడిన ప్రతి వాక్యం దగ్గరా గీత పెట్టుకుని, ఆ వాక్యాలన్నీ మళ్లీ రాయాలి.