పచ్చిక పదును

అమెరికా ఈశాన్య రాష్ట్రాల్లో ఆగస్టు చివరి నుంచి సెప్టెంబరు దాకా ఇళ్ల ముందు ఒక బరువైన యంత్రం నడుస్తుంటుంది. పేరు కోర్ ఏరేటర్, అంటే నేలకు గాలి ఆడేలా చేసేది. బోలు గొట్టాలను నేలలోకి దించి, రెండు మూడు అంగుళాల మట్టి ముక్కలను పీకి పైన పడేస్తుంది. న్యూజెర్సీలో ఇల్లు కొనుక్కున్న మనవాళ్లు మొదటిసారి చూస్తే పచ్చిక పాడైందనే అనుకోవచ్చు. ఆ ముక్కలను ఊడ్చేయకూడదు. వానకు కరిగి మళ్లీ నేలలోనే కలుస్తాయి.

ఈ పని తెలిసినవాళ్లంటే నాకు గౌరవం. యంత్రం తోలడం కంటే ముందు వాళ్లు నేలను చూసే చూపు గొప్పది. ముందురోజు తడిపిన మట్టి పదునుకు వచ్చిందా అని స్క్రూడ్రైవర్ గుచ్చి చూస్తారు. ఎండిన నేలలో గొట్టం దిగదు, బురదైతే మట్టి గొట్టంలోనే ఇరుక్కుంటుంది. పదును సంగతి మన రైతుకు వేరే చెప్పాలా! యంత్రం తగలకుండా స్ప్రింక్లర్ల దగ్గర చిన్న జెండాలు కూడా పాతుతారు.

ఆ తర్వాత గడ్డి విత్తనం. రైగ్రాస్ వారం పది రోజుల్లో మొలుస్తుంది, టాల్ ఫెస్క్యూకు రెండు వారాలు, కెంటకీ బ్లూగ్రాస్‌కు మూడు నాలుగు. అందుకే చాలామంది ఒక్క రకాన్నే నమ్ముకోకుండా కలిపి చల్లుతారు. విత్తడానికి ఈ కాలమే ఎందుకంటే, ఎండ తగ్గినా నేలలో వెచ్చదనం మిగిలి ఉండే రోజులివి. కలుపు పోటీ కూడా తక్కువ. మొలక వచ్చేదాకా పైపొర ఆరకుండా పలచగా, పదే పదే తడపాలి. తర్వాత తడులు తగ్గించి, నీరు లోతుగా దిగేలా పెట్టాలి. కొత్త గడ్డి మూడున్నర అంగుళాలు దాటాకే మొదటి కోత, అదీ వాడి బ్లేడుతో.