హెచ్చరికల నోరు నొక్కుట

జగ్గయ్యపేట, నందిగామ అను పేర్లను ఒక జాబితాలో ఉంచి, ఒక్కొక్క పేరులో ఎన్ని అక్షరములున్నవో లెక్కించు జావా ప్రోగ్రామును తీసికొనుడు. జాబితాలో ఉండవలసినవి పేర్లే అని ముందుగా చెప్పనిచో, ఈ ఊళ్ల మీదుగా సాగు హైదరాబాదు–విజయవాడ రహదారి సంఖ్య 65 కూడ అందులో చేరిపోవచ్చును. కంపైలర్ దానిని తప్పు అనదు. సరిచూడని పని జరిగినదని ఒక మాట హెచ్చరించి, వివరములు కావలెనన్నచో ఎక్స్‌లింట్ అను ఐచ్ఛికముతో మరల నడుపుమని చెప్పి ఊరకుండును. తరువాత మరెక్కడనో, ఊరి పేరని నమ్మి 65లోని అక్షరములను లెక్కింపబోయినపుడు ప్రోగ్రాము నిలిచిపోవును. తప్పు జరిగినది ఒకచోట, బయటపడినది వేరొకచోట.

దీనికి మూలము 2004లో వెలువడిన జావా 5లో ఉన్నది. జాబితాలో ఏ రకపు వస్తువులుండునో ముందే తెలుపు జెనెరిక్స్ పద్ధతి అప్పుడే వచ్చినది. పాత ప్రోగ్రాములు చెడకుండుటకై ఆ వివరమును కంపైలర్ చివరకు చెరిపివేయును. కనుక నడచుచున్నపుడు జాబితాకు తన రకము తెలియదు. హెచ్చరికను అణచు సప్రెస్‌వార్నింగ్స్ అను గుర్తు కూడ జావా 5తోనే వచ్చినది.

ఆ గుర్తునే నిందింపరాదు. జావా సొంత గ్రంథాలయములోని అర్రేలిస్ట్‌ను చూడుడు. అది వస్తువులను సామాన్య రకపు వరుసలో దాచి, తీయునపుడు అసలు రకముగా మార్చును. లోనికి వచ్చునపుడే రకము సరిచూడబడినది గనుక మార్పు క్షేమమే. కాని కంపైలర్ దానిని నిరూపింపజాలదు. కావున ఒకే పంక్తి గల చిన్న మెథడ్‌కు మాత్రము గుర్తు తగిలించిరి. ఎంత పొదుపు!

అదే గుర్తును క్లాసు నెత్తిన పెట్టినచో లోపలి ఆ జాతి హెచ్చరికలన్నియు మూగవోవును. రేపు చేయబోవు తప్పులకు నేడే క్షమాభిక్ష! రచనలోనే ఒక లోపమున్నది: అణచుటకు కారణమేమని ఈ గుర్తు అడుగదు. కారణమును పక్కన వ్యాఖ్యగా వ్రాయుమని జాషువా బ్లాక్ తన 'ఎఫెక్టివ్ జావా'లో చెప్పినాడు గాని, వ్రాయకున్నను కంపైలర్ పట్టించుకొనదు. 2017 నాటి జావా 9 కొంత నయము. వాడుక మానవలసిన వానికి ఒక పేరు, తొలగింపబడనున్న వానికి వేరొక పేరు ఏర్పరచినది. మొదటిదానిని అణచినంతమాత్రమున రెండవది ఆగదు.

పాఠము చెప్పువారు గుర్తు కంటె ముందు సవరణను చూపుట మేలు. ఊళ్ల జాబితాను స్ట్రింగ్‌ల జాబితాగా ప్రకటించినచో అణచుటకు హెచ్చరికయే ఉండదు. 65ను చేర్చబోయిన పంక్తి వద్దనే కంపైలర్ తప్పు అని ఆపివేయును.