కొలతపరికరములకు ట్రిగ్గరు భాష – ఒక విమర్శ

విద్యుత్ కొలతలలో ‘ఎంత’ అను ప్రశ్నకు ఎంత ప్రాముఖ్యము కలదో ‘ఎప్పుడు’ అను ప్రశ్నకును అంత ప్రాముఖ్యము కలదు. రిలే మూసుకొను క్షణమున వోల్టేజి ఎట్లు మారినదో తెలియవలెనన్న, ఆసిలోస్కోపు ఆ క్షణముననే నమోదు ప్రారంభింపవలెను. అట్లు ప్రారంభింపజేయు సంకేతమునకే ట్రిగ్గరు అని పేరు. తుపాకికి మీట యెట్టిదో కొలతకు ట్రిగ్గరు అట్టిది.

పరికరములను కంప్యూటరుతో కలుపు తీగలకు 1975లో ఐ.ట్రిపుల్.ఇ. 488 ప్రమాణము ఏకరూపత కల్పించినది. ఆ తీగలపై పంపు ఆజ్ఞలు మాత్రము కంపెనీకొక తీరున నుండెడివి. ఈ చిక్కును తీర్చుటకు 1990లో ఎస్.సి.పి.ఐ. అను ఉమ్మడి ఆజ్ఞాభాష వెలువడినది. దాని చివరి కూర్పు 1999 నాటిది. నేటికిని ప్రయోగశాలలలో విస్తారముగా వాడబడుచున్న ఈ భాషలో ట్రిగ్గరు ప్రకరణము గుణదోషములు రెండింటికిని నిలయము.

ముందుగా గుణము. సిద్ధపడుట వేరు, ప్రారంభించుట వేరు అని ఈ ప్రమాణము స్పష్టముగా విడదీసినది. ‘ఇనిషియేట్’ అను ఆజ్ఞ పరికరమును విశ్రాంతినుండి లేపి నిరీక్షణలో నుంచును. ఆ పిదప వచ్చిన ట్రిగ్గరు మాత్రమే కొలతను నడపును. నూజివీడు మామిడితోటలు చూచినవారికి ఇది సులభముగా బోధపడును. క్రిందివారు గోనెపట్టా పరచి పట్టుకొన్న తరువాతనే పైవాడు కాయ జారవిడువవలెను. ముందే విడిచినచో కాయ నేలపాలగును.

దోషము ఇక్కడనే మొదలగుచున్నది. పట్టా పరవక మునుపే కాయ విడిచిన పైవాడు కేక వేసి మందలింపబడును. పరికరము అట్లు కేక వేయదు. సిద్ధపడకముందు ట్రిగ్గరు ఆజ్ఞ అందినచో, అది ‘ట్రిగ్గరు ఉపేక్షింపబడినది’ అని మైనస్ 211 సంఖ్యగల దోషమును తన జాబితాలో వ్రాసికొని ఊరకుండును. అడిగినవారికే ఆ జాబితా చదివి వినిపించును. అడుగక ‘ఫెచ్’ ఆజ్ఞతో ఫలితము కోరినవారికి, లోపల నిలిచియున్న పాత కొలతయే క్రొత్తదానివలె చేతికి వచ్చును. కొలత రాకపోవుట చిన్న నష్టము. తప్పు కొలత ఒప్పుగా చెలామణి యగుట పెద్ద నష్టము.

రెండవ దోషము కాలమునకు సంబంధించినది. ఆజ్ఞల వరుసను ఈ భాష చక్కగా చెప్పును. వాటి మధ్య ఎంత కాలము గడచునో చెప్పజాలదు. కంప్యూటరు పంపిన ఆజ్ఞ పరికరమునకు చేరి అర్థమగుటకు పట్టు సమయము ఒకసారివలె మరొకసారి యుండదు; మిల్లీసెకండ్ల తేడా సామాన్యము. విద్యుత్ సంకేతమో, మీటరు పొడవుగల కేబులును సుమారు 5 నానోసెకండ్లలో దాటును. తిరుపతి సమీపమున గాదంకిలో 53 మెగాహెర్ట్‌జ్ తరంగములతో పైవాతావరణమును పరిశోధించు ఎం.ఎస్.టి. రాడారు ఉన్నది. రాడారు తరంగము పోయి వచ్చుటకు ఒక మైక్రోసెకండు పట్టినచో దూరము 150 మీటర్లు. ప్రారంభక్షణము ఒక మిల్లీసెకండు తప్పినచో ఎత్తులో 150 కిలోమీటర్ల తేడా వచ్చును! ఇట్టిచోట మాటలతో ఇచ్చు ట్రిగ్గరు కొరగాదు. తీగపై వచ్చు హార్డువేరు ట్రిగ్గరే శరణ్యము.

మూడవది, ఏ పరికరమున ఈ అంచెలలో ఎన్ని యుండవలెనో నిర్ణయము తయారీదారునికే విడువబడినది. అందుచేత ఒక్కసారి నమోదుకు కీసైట్ ఆసిలోస్కోపులలో ‘సింగిల్’ అనియు, టెక్‌ట్రానిక్స్‌వానిలో ‘అక్వైర్ స్టాప్ ఆఫ్టర్ సీక్వెన్స్’ అనియు వేర్వేరు మాటలు వాడుకకు వచ్చినవి. భాష ఒక్కటే యైనను మాండలికములు మిగిలినవి.

ఇంతమాత్రమున ఈ ప్రమాణము నిరర్థకమనరాదు. పై దోషములకు విరుగుడు అందులోనే కలదు. ‘ట్రిగ్గరుకై వేచియున్నాను’ అని తెలుపుటకు స్థితి రిజిస్టరులో ఐదవ బిట్టును అది ఏర్పరచినది. దానిని చూచి నిశ్చయించుకొని, పిదప ట్రిగ్గరును తీగద్వారా పంపి, తుదకు దోషముల జాబితా చదువుట – ఈ మూడు పనులను ప్రమాణము ఐచ్ఛికముగా గాక విధిగా చెప్పియుండవలసినది. అది చెప్పలేదు గనుక, బోధించువారైనను తొలిపాఠముననే చెప్పుట అవసరము. ఆజ్ఞల పట్టికను కంఠస్థము చేసిన విద్యార్థికి పరికరము బదులు చెప్పవచ్చును. ఆ బదులు ఏ క్షణమునకు చెందినదో అడుగ నేర్చినవాడే కొలత తెలిసినవాడు.