వరసను నమ్మకండి, పేరు రాయండి

విశాఖ రేవులో ఓడలకు చోటు కేటాయించే ప్రోగ్రామ్ ఒకటి రాస్తున్నారనుకుందాం. ఫంక్షన్‌కు 14, 11 అని రెండు సంఖ్యలు ఇచ్చారు. బెర్త్ నంబరు ఏది, ఓడ నీటిలో మునిగే లోతు ఏది? రాసినవారికి ఆ పూటకు గుర్తుంటుంది. ఆర్నెల్ల తర్వాత చదివేవారికి ఉండదు. రెండూ సంఖ్యలే కాబట్టి తారుమారైనా కంప్యూటరు పసిగట్టలేదు. కామన్ లిస్ప్ అనే ప్రోగ్రామింగ్ భాషలో దీన్నే :బెర్త్ 14 :లోతు 11 అని రాయవచ్చు. ఏది ముందు రాసినా ఫలితం ఒకటే. తెలుగువాళ్లకు ఇది కొత్తేమీ కాదు. ‘క్రేనుతో బొగ్గును లారీలోకి ఎత్తారు’ అన్నా, ‘బొగ్గును లారీలోకి క్రేనుతో ఎత్తారు’ అన్నా విభక్తి అంటిపెట్టుకుని ఉన్నంతవరకు ఏ మాట చేసే పని దానిదే.

ఇలా కోలన్‌తో మొదలయ్యే పేరు కీవర్డ్ సింబల్. మామూలు సింబల్ కనబడితే లిస్ప్ దాని విలువేమిటో వెతుకుతుంది. కీవర్డ్‌కు మాత్రం తానే విలువ. కీవర్డ్‌లన్నీ ఒకే ప్యాకేజీలో ఉంటాయి కనుక ఏ ఫైల్లో ఎవరు రాసినా :బెర్త్ ఒకటే. ఫంక్షన్ రాసినవారూ దాన్ని వాడేవారూ ఒకరినొకరు ఎరగకపోయినా ఆ పేరు దగ్గర కలుస్తారు.

పేర్లు రాస్తే కోడ్ పొడవవుతుందనీ, నడక నెమ్మదిస్తుందనీ అభ్యంతరం ఉంది. పొడవవుతుంది, నిజమే; కానీ కోడ్‌ను రాసేది ఒకసారి, చదివేది పలుమార్లు. వేగం సంగతికొస్తే, పిలిచే ఫంక్షన్ ఏదో ముందే తెలిస్తే మంచి కంపైలర్ ఆ ఖర్చును చాలావరకు తగ్గించగలదు. పేరు మారిస్తే పాత కోడ్ చెడుతుందన్నది ఇంకా గట్టి మాట. అయితే వరస మారిస్తే కూడా చెడుతుంది, అదీ చప్పుడు లేకుండా. తెలియని కీవర్డ్ కనబడితే మాత్రం లిస్ప్ మామూలుగా ఎర్రర్ చూపిస్తుంది. వరస, పేరు అనే ఈ రెండు పద్ధతులనూ కలిపితే ఏమవుతుందో కామన్ లిస్ప్‌లోని రీడ్-ఫ్రం-స్ట్రింగ్ ఫంక్షనే చెబుతుంది. అందులో స్ట్రింగ్ తర్వాత స్థానాన్ని బట్టి తీసుకునే ఐచ్ఛిక ఆర్గ్యుమెంట్లు రెండు, ఆ తర్వాతే పేర్లు. మొదటి మూడు అక్షరాలు వదిలి చదవమని స్ట్రింగ్ పక్కనే :స్టార్ట్ 3 అని రాస్తే, ఆ రెండూ ఐచ్ఛిక స్థానాల్లో కూర్చుంటాయి. చదవడం మాత్రం మొదటి అక్షరం నుంచే సాగుతుంది. భాష దృష్టిలో అది తప్పు కానే కాదు. తలపండినవాళ్లు రూపొందించిన భాషలోనే ఇలా జరిగినప్పుడు మనం ఇంకెంత జాగ్రత్తపడాలి! ఒకే ఫంక్షన్‌లో ఐచ్ఛిక స్థానాలనూ కీవర్డ్‌లనూ కలపకండి. ఇస్తే ఇవ్వవచ్చు, లేకుంటే లేదు అనదగ్గ ప్రతిదానికీ పేరు పెట్టండి.