గొంతూ, కాగితమూ

రికార్డు మీద విన్న పాప్ పాటను స్వరలిపిలో పెట్టటం వట్టి గుమాస్తాపని అని చాలామంది అభిప్రాయం. కొత్తగా నేర్చుకునేవాడికి చెప్పేదీ అదే: శ్రుతి పట్టుకో, తాళం లెక్కపెట్టుకో, సాహిత్యాక్షరాల పైన స్వరాలు వేసుకో. శ్రుతి చెడకుండా రికార్డును నెమ్మదిగా వినిపించే సాధనాలు యీనాడు వున్నాయి గనుక అంతవరకు పెద్ద కష్టం లేదు. అసలు చిక్కు ఆ తరువాతనే.

అమెరికా నల్లజాతివారి గానంలో గాంధారం తరచు సాధారణ, అంతర గాంధారాల నడుమ నిలుస్తుంది. పియానో మీద ఆ చోటికి మెట్టు లేదు. మాట తాళం దెబ్బమీద పడదు. రవంత ముందో వెనకో పడుతుంది. విద్యార్థి యేం చేస్తాడు? గాంధారాన్ని దగ్గరి మెట్టుకు నెడతాడు, మాటను దెబ్బమీదికి లాగుతాడు. కాగితం శుభ్రంగానే వుంటుంది, గాయకుడే అందులో వుండడు. మరొకడు ప్రతి వణుకునూ ముక్కలు ముక్కలుగా వ్రాస్తాడు. దాన్ని చూసి యెవడూ పాడలేడు! రెండు వరుసలు వ్రాయటం మేలు: ఒకటి పాట యెముకలగూడు, రెండోది గొంతు దానిమీద చేసిన పని. 1904లో తెలుగులో అచ్చయిన ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’లో సుబ్బరామ దీక్షితులు గమకాలకు వేరే గుర్తులు వాడింది యిటువంటి అవసరం కొద్దీనే. స్వరం వేరు, అది నడిచే నడక వేరు.

ఇది కేవలం చెవికి సంబంధించిన విషయమే అయితే యింత చర్చ అనవసరం. ఇందులో ఆస్తి ప్రశ్న కూడా వుంది.

మార్విన్ గే స్వరలిపిని ధారాళంగా చదవగలవాడు కాదు. 1977లో వచ్చిన ‘గాట్ టు గివ్ ఇట్ అప్’ను రికార్డయిన తరువాత యెవరో విని వ్రాశారు, ఆ కాగితమే కాపీరైటు కార్యాలయంలో దాఖలయింది. వ్రాసిన మనిషి యెవరో న్యాయస్థానానికి కూడా తెలియదు. 2013 నాటి ‘బ్లర్డ్ లైన్స్’ ఆ పాటకు అనుకరణ అని వివాదం లేచినప్పుడు, 1909 చట్టం ప్రకారం రక్షణ దాఖలైన కాగితానికే పరిమితమని జిల్లా న్యాయమూర్తి భావించి, గే రికార్డును వున్నదున్నట్టు జ్యూరీకి వినిపించనివ్వలేదు. 2015లో గే వారసులే గెలిచారనుకోండి. 2018లో పై కోర్టూ ఆ తీర్పును చాలావరకు నిలబెట్టింది. అయినా వాదమంతా గాయకుడు యేం పాడాడన్న దానిమీద కాక, అనామకుడొకడు యేం వ్రాశాడన్న దాని చుట్టూ తిరగటం గమనించవలసిన విషయం. వ్రాత వచ్చినవాడి కాగితం సాక్ష్యం, రానివాడి గొంతు సాక్ష్యం కాదు! 2020లో లెడ్ జెపెలిన్ కేసులో అదే అప్పీలు న్యాయస్థానం, ఆ చట్టం కింద దాఖలైన అముద్రిత రచనకు కాగితమే హద్దని తేల్చి చెప్పింది.

1978 నుంచి రికార్డునే దాఖలు చేసుకోవచ్చు. అంతకు ముందు దాఖలైన పాటలకు మాత్రం ఆనాడు యెవరో విని వ్రాసిపెట్టిన గీతలే గట్లు.